సర్పంచ్ అన్న మాట ఎవరి పక్కన

ఒకప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నాకు పండగ. ఇప్పుడు అదే శిక్ష. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప కనపడాలి. అవి కనపడేలోపే ఫ్లెక్సీ అడ్డం వస్తుంది. ఎర్ర అక్షరం, దాని చుట్టూ పసుపు గీత, ఆ గీత చుట్టూ నల్ల గీత, దాని చుట్టూ తెల్లటి పొగ, ఇదంతా చాలక కింద నీడ. ఒక్క ‘శుభాకాంక్షలు’కి ఇన్ని దుప్పట్లు కప్పారంటే పాపం దానికి చలిజ్వరమే వచ్చి ఉండాలి. పక్కన ముప్పై తలకాయలు. అన్నీ ఒకటే తెలుపు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలోంచి అప్పుడే తీసినట్టు. చూస్తే నాకు నిజంగానే కడుపులో తిప్పుతుంది. బస్సు పడట్లేదేమో అనుకుని పక్కనున్నవాళ్లు నిమ్మకాయ ఇస్తారు. వాసన చూస్తూ కళ్లు మూసుకుంటాను.

ఈ రోగం నాకు పుట్టుకతో లేదు. అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాక తగులుకుంది. ఇంకా చెప్పాలంటే, ఆ తలకాయల్లో సగానికి సున్నం కొట్టింది నేనే.

చదువు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు ‘ఛ’తో మొదలయ్యే మాట ఒకటి చెప్పమన్నారు. ‘ఛ’ అన్నాను. అది అక్షరం, మాట చెప్పరా అన్నారు. మాటేనండి, మిమ్మల్ని చూసినప్పుడల్లా అనుకుంటుంటాను అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు కోసం నేను బడినే ఇచ్చేశాను. ఇప్పుడు లెక్కేసుకుంటే కాస్త ఖరీదైన నవ్వే.

తర్వాత గుంటూరు మిర్చి యార్డులో పడ్డాను. మిర్చి బస్తాని అక్కడ టిక్కీ అంటారు. టిక్కీల మీద కొట్టు గుర్తు వేయడం నా పని. రేకులో అక్షరాలు కోసి, ఆ రేకును గోతం మీద పెట్టి, పైన సిరా పూస్తే గుర్తు పడుతుంది. రేకు కోయడంలోనే మొదటిసారి నాకు అక్షరం మీద కోపం వచ్చింది. సున్నా కోస్తే లోపలి ముక్క ఊడి కింద పడిపోతుంది. గోతం మీద సున్నా బదులు కాకి గుడ్డంత మచ్చ తేలుతుంది. పడకుండా అటొకటి ఇటొకటి సన్నటి వంతెనలు వదలాలి. తెలుగులో గుండ్రంగా లేని అక్షరం ఏది? అన్నిటికీ వంతెనలు కట్టుకుంటూ, తుమ్ముకుంటూ, మిర్చి ఘాటుకి ఏడుస్తూ నాలుగేళ్లు గడిపాను.

ఆ యార్డు పని మీదే ఒకసారి చిలకలూరిపేటలో ఒక ప్రింటింగు షాపుకి వెళ్లాను. షాపు నడిపేది ఒకామె. అందరూ అక్క అంటారు, నేనూ అక్క అనే అన్నాను. చిన్నప్పుడు పొన్నూరులో ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చిన మనిషి. ఇప్పుడు పెళ్లికార్డులూ, కరపత్రాలూ, ఫ్లెక్సీలూ కంప్యూటర్ మీద చేస్తుంది. గోడకి పెట్టిన ఫ్లెక్సీ నమూనా చూసి, ఈ అక్షరాలకి బొబ్బర తెగులు వచ్చినట్టుందక్కా, ముడుచుకుపోయాయి, మందు కొట్టించావా అన్నాను. అక్క కళ్లజోడు కిందికి దించి నన్ను చూసింది. అది చేసినవాడు నిన్ననే మానేశాడంది. నువ్వు చేస్తావా అని అడిగింది. అలా దొరికిన ఉద్యోగం ఇది. నా నోటివల్ల పోయినవి చాలా ఉన్నాయి గాని, వచ్చింది ఇదొక్కటే.

మొదటిరోజు అక్క, “ఒరేయ్, నీకు లేఅవుట్ ఏమన్నా వచ్చా?” అంది.

“మా బాబాయికి రెండున్నాయక్కా. ఒకటి హైవే పక్కనే.”

తప్పు నాది కాదు. మా వైపు లేఅవుట్ అంటే పత్తి చేను దున్నేసి తెల్ల రాళ్లు పాతడం. అక్క చెప్పే లేఅవుట్లోనూ రాళ్లు పాతడమే గాని, కాగితం మీద. ఇక్కడ బొమ్మ, ఇక్కడ పెద్ద మాట, ఇక్కడ చిన్న మాటలు, ఇక్కడ రోడ్డు. రోడ్డు అంటే ఖాళీ. రోడ్డు వదలకుండా ప్లాట్లు అమ్మితే జనం ఎట్టా నడుస్తార్రా అనేది. చూపు కూడా అంతేనట, దానికి నడవడానికి దారి కావాలట.

వత్తుల పాఠం మాత్రం తిట్లతో నేర్పింది. ఒక విత్తనాల కొట్టు వాళ్ల కరపత్రం నాకిచ్చింది. చెప్పాల్సింది చాలా ఉంది, చోటు కొంచెమే ఉంది. నేను తెలివిగా లైనుకీ లైనుకీ మధ్య చోటు నొక్కేసి అంతా పట్టించేశాను. ప్రింటు తీసి చూస్తే ‘నమ్మకమైన విత్తనాలు’ కాస్తా ‘నమకమైన వితనాలు’ అయి కూర్చుంది. మ వత్తూ, త వత్తూ కింద ఉన్న పసుపు పట్టీ లోపలికి దిగి మాయమైపోయాయి. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

“వత్తు లేని విత్తనం మొలుసుద్దంట్రా? మన అక్షరానికి వేరు కిందికి దిగుద్ది. వేరుకి చోటొదలకుండా ఎరువేస్తే ఏం లాభం?”

ప్రెస్సులో పనిచేసినప్పుడు వత్తులు వేరే గళ్లలో ఉండేవట. ఒక్కొక్కటీ చేత్తో ఏరి తెచ్చుకునేదట. చేత్తో తెచ్చుకున్నదాన్ని ఎవడూ పారేసుకోడని, నువ్వు మీట నొక్కి తెచ్చుకున్నావు కాబట్టి నీకు విలువ తెలియలేదని, ఆ కరపత్రం నాతో మళ్లీ మొదటినుంచీ చేయించింది. సగం మాటలు తీసేయించింది. కొట్టాయన వచ్చి చూసి, ఇంత ఖాళీ ఎందుకు, నా డబ్బులు దండగ అన్నాడు. అక్క ఆయన్ని కూడా తిట్టింది.

ఇంకో పాఠం పేరు దగ్గరతనం. ఆ మధ్యాహ్నం గిరాకీ లేదు. అక్క పాడైపోయిన ఫ్లెక్సీలోంచి రెండు తలకాయలు కత్తిరించింది. ఒక చీటీ మీద ‘పెళ్లికొడుకు’ అని రాసింది. రెండు తలకాయలనీ గచ్చు మీద జానెడు ఎడంగా పెట్టి, మధ్యలో చీటీ పెట్టింది. ఎవడ్రా పెళ్లికొడుకు అంది. తెలియదన్నాను. చీటీని వేలితో ఎడమవైపుకి జరిపింది. ఇప్పుడో? ఎడమవాడు. కుడికి జరిపింది. కుడివాడు. ఒక్క అక్షరం మార్చలేదు, ఎవడి పేరూ రాయలేదు. ఊరికే జరిపితే పెళ్లికొడుకు మారిపోయాడు. రెండోవాడికి పెళ్లాం పోయిందక్కా అన్నాను. మన చేతిలో ఉన్న పని ఇదేరా, జాగర్త అంది. నేను దాన్ని జోకు కిందే జమకట్టుకున్నాను.

ఇన్ని పాఠాలు నేర్చుకుని నేను చేసిన పనేమిటంటే ఫ్లెక్సీలు. సిరా కంపు కొట్టే ఆ వెనక గదిలో తలకాయలు కత్తిరించడం. ఏది ముందు చదవాలో దాన్ని పెద్దదిగా పెట్టాలని అక్క నేర్పింది. ఫ్లెక్సీ రాజ్యంలో అది చెల్లదు. అక్కడ పదవిని బట్టి తలకాయ. పెద్దాయన తల గుమ్మడికాయంత, ఆ కిందాయనది దోసకాయంత, ఊళ్లో నాయకులు నిమ్మకాయలు, యూత్ అంతా మిరప గింజలు. తన తల పక్కవాడి తల కన్నా చిటికెనవేలంత చిన్నదయిందని ఒకాయన షాపు ముందు కూర్చుని అన్నం మానేశాడు. ఇంకొకాయన నలుపు. నాకు చామనఛాయ చాలు అంటూనే, కొంచెం కొంచెం కొంచెం అని, చివరికి పళ్లకీ మొహానికీ తేడా తెలియనంత తెలుపు చేయించుకున్నాడు. అక్షరాలు చాలకపోతే సాగదీయమంటారు. గారెపిండిలా అడ్డంగా సాగిన ‘అ’ని చూసినప్పుడు నాకు అన్నం సయించేది కాదు. సాగదీసింది నా చెయ్యే. అదే చేత్తో అన్నం తినాలి.

ఇలాంటి రోజుల్లో ఒకావిడ షాపుకి వచ్చేది. పేటకి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి సర్పంచ్. ఆ ఊరు ఆడవాళ్లకి రిజర్వు అయితే ఆవిణ్ణి నిలబెట్టారు, గెలిచింది. నిలబెట్టినవాళ్లు గెలిచాక కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు. వాళ్ల ఊళ్లో బోరు నీళ్లు ఉప్పు. మంచినీళ్ల ప్లాంటు కోసం అర్జీ రాయించుకోవడానికి మా దగ్గరికి వచ్చేది. ఆవిడ చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. పదో తరగతి పాసయిన మనిషి, నాకన్నా ఒక క్లాసు ఎక్కువ. నా తప్పులు తెర మీదే పట్టుకునేది. మిరప కోతల నుంచి తిన్నగా వచ్చేది కాబట్టి వేళ్లు ఎర్రగా, వాచి ఉండేవి. ఒకసారి ఆవిడ ముట్టుకున్న మౌసు పట్టుకుని కళ్లు నలుపుకున్నాను. పావుగంట ఏడ్చాను. ఆవిడ కొంగు తడిపి ఇచ్చి, ప్లాంటు వస్తే కళ్లు కడుక్కోవడానికి మా ఊరికి రా అబ్బాయ్ అంది.

ఎన్ని అర్జీలో నాకు లెక్క లేదు. మండలం ఆఫీసుకొకటి, జిల్లాకొకటి, పోయాయంటే మళ్లీ ఒకటి. ప్రతిదాని కింద ‘ఇట్లు’ అని, ఆవిడ పేరు, కింద ‘సర్పంచ్’. ఆ మాట రాగానే ఆవిడ తెర వైపు కొంచెం వంగి చూసేది. ఊళ్లో ఆవిణ్ణి ఎవరూ ఆ మాటతో పిలవరని ఒకసారి మాటల్లో చెప్పింది. సర్పంచ్ గారూ అంటే వాళ్లాయన పలుకుతాడట. ఆవిడ పలికితే జనం నవ్వుతారట. నవ్వుతూనే చెప్పింది, నేనూ నవ్వాను. నేను దేనికైనా నవ్వుతాను, అదొక జబ్బు.

ప్లాంటు వచ్చింది. నీళ్లు రాకముందే ఫ్లెక్సీ రావాలి కదా. మండలం నుంచి ఆఫీసరు ప్రారంభోత్సవానికి వస్తున్నాడని, పన్నెండడుగుల ఫ్లెక్సీ కావాలని ఫోను వచ్చింది. ఫోనులో వాళ్లాయన. సాయంత్రం వచ్చి చూసుకుంటాను, ఈలోపు చేసి పెట్టమన్నాడు.

నేను ఆ రోజు జీవితంలో మొదటిసారి ఫ్లెక్సీని మనసు పెట్టి చేశాను. అర్జీకి అంటించగా మిగిలిన ఆవిడ ఫొటో మా దగ్గరే ఉంది. దాన్ని ఎడమవైపు పెద్దదిగా పెట్టాను. మొహం తెలుపు చేయలేదు. కింద ఆవిడ పేరు, పేరు కింద ‘సర్పంచ్’. కుడివైపు పెద్ద అక్షరాల్లో ‘మంచినీళ్ల ప్లాంటు ప్రారంభం’. వాళ్లాయనతో సహా మిగతా అందరూ కింద వరసలో, అందరివీ ఒకే సైజు తలకాయలు. చుట్టూ ఖాళీ. అక్క వచ్చి వెనక నిలబడి చూసింది. తిట్టలేదు. అక్క తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే.

సాయంత్రం ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన అర్జీ రాయగా నేనెప్పుడూ చూడలేదు గాని పెన్నులకి మాత్రం కొదవ లేదు. తెరని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ఫోను తీసి తన ఫొటోలు రెండు పంపాడు, రెండు చేతులూ జోడించినవి. ఆవిడదీ ఒకటి పంపాడు. ఏదో పెళ్లి గుంపులోంచి తీసింది, భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. ఆ చెయ్యి కోసేసి, ఆవిణ్ణి పైన మూలకి చిన్న గుండ్రంలో పెట్టమన్నాడు. తనని ఎడమవైపు నిలువునా పెట్టమన్నాడు. పెట్టాను. పేర్లన్నీ కిందికి దించి ఒకే వరసలో కలిపేయమన్నాడు. కలిపాను. ‘సర్పంచ్’ అన్న మాట మాత్రం ఏ పేరుకీ అంటకుండా మధ్యలో ఒంటరిగా మిగిలింది.

దాన్ని మీ పేరు ముందు పెట్టమంటారా అని అడిగాను. వెటకారంగానే అడిగాను.

“ఛఛ, నా పేరు ముందు రాయమాక, రేపెవడన్నా కేసేస్తాడు. ఊరికే అట్టా నా బొమ్మ పక్కకి జరుపు. ఇంకాస్త. ఇంకాస్త. ఆ, చాలు.”

నేను బతుకంతా పడి నేర్చుకున్న పాఠాన్ని ఆ మనిషి తల్లి కడుపులోనే నేర్చుకొచ్చాడు. బాణం మీట పదకొండుసార్లు నొక్కాను. లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది. పదకొండోసారికి ఆయన సర్పంచ్ అయ్యాడు. ఎలక్షన్ లేదు, ఓటు లేదు. ఒక్క అబద్ధం రాయలేదు. రాసిందంతా నిజమే, పెట్టిన చోటే అబద్ధం.

నోట్లో ఎన్ని మాటలు తిరిగాయో. ప్రపంచంలో ఎవరినైనా ఒక్క మాటతో కూల్చేయగలనని నా పేరు. ఆయన ముందు మాత్రం, ఎర్ర రంగు ఉంచమంటారా, మెరూన్ చేయమంటారా అని అడిగాను. మెరూన్ అన్నాడు. ఆయన వెళ్లాక అక్క, దగ్గరతనం నీకు బాగానే ఒంటబట్టిందిరా అంది. మిషను మీద ఫ్లెక్సీ ఒక్కో అంగుళం బయటికి వస్తుంటే, నాలిక చాపి ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉంది.

కట్టడానికి నేనే వెళ్లాను. కట్టి వచ్చేయాల్సింది, ఆగాను. అక్కడ ఆగకపోతే ఈ సంగతి మర్చిపోయి హాయిగా ఉండేవాణ్ణి.

ఆఫీసరు కొత్తగా వచ్చిన మనిషి. ఊరూ తెలియదు, మనుషులూ తెలియరు. కారు దిగి, అందరిలా ముందు ఫ్లెక్సీ చూశాడు. ఎడమవైపు నిలువెత్తు బొమ్మ, పక్కనే ‘సర్పంచ్’. చూపు కిందికి దిగగానే ఎదురుగా అదే మనిషి, అదే నమస్కారం. ఆయన తప్పేముంది? అక్షరం ఎటు నడిపిస్తే అటు నడిచాడు. తిన్నగా వచ్చి, “నమస్తే సర్పంచ్ గారూ, చాలా కష్టపడ్డారంట” అని చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి ఆ కష్టాన్ని మొహమాటం లేకుండా పుచ్చుకుంది.

ఆవిడ పక్కనే ఉంది. పళ్లెంలో కత్తెర పట్టుకుని. పట్టుచీర కట్టుకుంది, మంగళగిరి చీర, అంచు చూస్తే కొత్తదని తెలుస్తోంది. ఆఫీసరు పళ్లెంలోంచి కత్తెర తీసుకుని, ఆవిడ మొహం చూడకుండానే థాంక్స్ అమ్మా అని, దాన్ని వాళ్లాయనకి అందించాడు. రిబ్బను తెగింది. చప్పట్లు. ఫొటో తీశారు. తర్వాత ఆ ఫొటో కూడా మా షాపుకే వచ్చింది, ఫ్రేము కట్టడానికి. అందులో ఆవిణ్ణి వెతికాను. పళ్లెం ఉంది, పళ్లెం పట్టుకున్న చెయ్యి ఉంది, మణికట్టు దాకా. అక్కడితో ఫొటో అయిపోయింది.

ఆ రోజు అందరూ గ్లాసులతో నీళ్లు తాగుతుంటే ఆవిడ ఫ్లెక్సీ ముందుకి వెళ్లి నిలబడింది. పైనుంచి కిందిదాకా నిదానంగా చదివింది. నన్ను చూసింది. నువ్వే చేశావా అని అడిగింది. అవునన్నాను. వెళ్లి నాకొక గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చింది. తియ్యటి నీళ్లు. గ్లాసు అడుగు కనపడేదాకా తాగాను.

వారం తిరిగాక షాపుకి వచ్చింది. అర్జీ ఏమో అనుకున్నాను. కాదు, బోర్డు కావాలంది. పంచాయతీ ఆఫీసు తలుపు పక్కన గోడకి. తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. ఫొటోలు వద్దు, ఎవరివీ వద్దు, తనది కూడా వద్దు. రోడ్డు మీదనుంచి ముసలివాళ్లు కూడా చదువుకునేట్టు ఉండాలంది.

“బొమ్మే లేకపోతే ఆ మాట ఎవరి పక్కకి పోతుందబ్బాయ్? నా పేరు కిందే పడుండుద్ది.”

అక్క చేతిలో పెళ్లికార్డు కింద పెట్టేసి ఆవిడ వైపు చూసింది. నేను గబగబా కీబోర్డు ముందు కూర్చున్నాను. చేసిన పాపం కడుక్కునే అవకాశం వచ్చిందని మహా ఊపులో ఉన్నాను. మంచి అక్షరం ఎంచాను, సాగదీయనిది, దుప్పట్లు కప్పనిది. ఆవిడ పేరు కొట్టాను. కింద ‘సర్పంచ్’, దాని కింద ‘గ్రామ పంచాయతీ’. లైన్ల మధ్య వత్తులకి చోటు వదిలాను. ఎలా ఉందండీ అని గర్వంగా తెర ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ చదివింది. వేలు తెర మీద పెట్టింది. పేరుకీ ‘సర్పంచ్’కీ మధ్యలో, చిన్న అక్షరాల్లో, నేను కొట్టానని నాకే తెలియని లైను ఒకటి ఉంది. ‘భర్త’ అని, రెండు చుక్కలు పెట్టి, ఆయన పేరు.

“ఈ లైను ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు. ఆధార్ మీద ఉంటుంది, అర్జీ మీద ఉంటుంది, రేషను మీద ఉంటుంది, మేము చేసే ప్రతి కాగితం మీదా ఆడవాళ్ల పేరు కొట్టగానే చెయ్యి ఆ లైనులోకి దానంతటదే దిగిపోతుంది. అదే చెప్పాను, అలవాటండీ, చెయ్యి కొట్టేసింది అన్నాను.

“మగ సర్పంచ్ బోర్డు చేసినప్పుడు పెళ్లాం పేరు కొట్టుద్దా ఆ చెయ్యి?”

లేదన్నాను.

“అయితే దానికి నేర్పు.”

కోపంగా అనలేదు. అందుకే ఇంకా చెంప పగిలినట్టు తగిలింది. ఆయన పదకొండుసార్లు జరిపించుకున్నాడని వారం రోజులుగా ఆయన్ని మనసులో ఉతికి ఆరేస్తున్నాను. నన్నెవరూ అడగలేదు, బెదిరించలేదు, వెనక నిలబడి ఇంకాస్త ఇంకాస్త అనలేదు. అయినా ఆయన్ని తీసుకొచ్చి ఆవిడ పేరుకీ పదవికీ మధ్యలో కూర్చోబెట్టాను. నా వేళ్లు చూసుకుంటే బల్లి తోకల్లా కనిపించాయి.

లైను తీసేశాను. బోర్డు తయారయ్యేదాకా ఆవిడ షాపులోనే కూర్చుంది. పాత పేపర్లో చుట్టి ఇస్తే చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

నాలుగో రోజు వాళ్లాయన వచ్చాడు. మెట్లెక్కుతూనే, ఆ బోర్డు చేసిందెవడు అన్నాడు. నేనేనండి అన్నాను.

“నన్ను అడక్కుండా ఎట్టా చేశావురా?”

“మీ ఇంట్లోవాళ్లు అడిగారండి.”

అక్క దగ్గింది. అది దగ్గు కాదు. ఆయనకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించి, సరేలే, అయిందేదో అయింది, నాదొక ఫొటో స్టిక్కరు కొట్టివ్వు, అరచెయ్యంత, దాని పక్కన అంటించుకుంటా అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం లాంటిదొకటి కలిగింది. ఆ మాటని తన దగ్గరికి జరపలేకపోతే, తనే వెళ్లి ఆ మాట పక్కన నిలబడతాడట. మా అక్క కూడా ఇంత దూరం ఆలోచించలేదు.

“తప్పకుండా కొడతానండి. కాకపోతే ఫొటో కింద వరస కూడా రాయాలి, లేకపోతే జనం తికమక పడతారు. ‘సర్పంచ్ గారి భర్త’ అని పెడతాను. అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత పెద్దవి. త వత్తు కూడా రోడ్డు మీదకి కనపడుద్ది.”

ఆయన నన్ను చూశాడు. అక్కని చూశాడు. అక్క పెన్ను తీసి, రాసుకోమంటారా అని అడిగింది. మీ షాపు కాకపోతే ఊళ్లో షాపే లేదా అని దిగి వెళ్లిపోయాడు. ఉన్నాయి. ఎదురు సందులోనే రెండున్నాయి. గంటలో కొట్టించుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ మాట అన్నందుకు నేను వీరుణ్ణి అయిపోలేదు. పది రోజులు ఆలస్యంగా అన్న మాట అది. రిబ్బను తెగాక, ఫొటో తీశాక, ఫ్రేము కట్టాక. ఆ ఫ్రేము కట్టిందీ నేనే.

నెల దాటాక పర్చూరు వెళ్తూ ఆ ఊళ్లో బస్సు దిగాను. కట్టిన ఫ్లెక్సీ అట్లాగే ఉంది. ఎండకి మెరూన్ వెలిసి, బెల్లం పాకం రంగుకి వచ్చింది. ఆయన బొమ్మ మీద కాకులు తమ అభిప్రాయం చెప్పిపోయాయి. పంచాయతీ ఆఫీసు దగ్గర బోర్డు తలుపు పక్కన మేకులతో బిగించి ఉంది. దాని పక్కన గోడ మీద అరచెయ్యంత చదరం. స్టిక్కరు లేదు. జిగురు మిగిలింది, జిగురు మీద దుమ్ము పట్టింది, అడ్డంగా గోళ్ల గీతలు ఉన్నాయి. ఎవరు గీకారో నేను అడగలేదు.

ఆయన మాత్రం వరండాలో, ఆ గోడకే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆయనకి నమస్కారాలు పెడుతున్నారు, ఆయన పుచ్చుకుంటున్నాడు. బోర్డూ లేదు, గాడిదగుడ్డూ లేదు, జనం కళ్లు పాతవే కదా అనుకుని వెనక్కి తిరగబోయాను.

పెన్షన్ కాగితం పట్టుకుని ఒక పెద్దాయన మెట్లెక్కాడు. పంచె, భుజం మీద తువ్వాలు. ఆయన్ని చూడగానే కుర్చీలోంచి చెయ్యి ముందుకొచ్చింది, కాగితం ఇటు తెమ్మన్నట్టు. పెద్దాయన ఇవ్వబోయాడు. ఇవ్వబోతూ గోడ వైపు చూశాడు. ఆగి, కళ్లు చికిలించి, వేలు గాల్లో ఆడిస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకే చదివాడు. ముందు ఆవిడ పేరు. తర్వాత, స, ర్పం, చ్. చదివి కాగితం తనవైపు లాక్కున్నాడు.

“ఈవిడ లోపలున్నదా?” అని కుర్చీలో ఉన్నాయన్నే అడిగాడు.

జవాబు కోసం ఆగకుండా, చెప్పులు వదిలి లోపలికి వెళ్లాడు. కుర్చీలోంచి చాచిన చెయ్యి కాసేపు అట్లాగే గాల్లో ఉండిపోయింది. నేను చూస్తున్నానని తెలిశాక మెల్లగా మీసం మీదకి వెళ్లింది.